రోడ్డు మీద సైకిలుకు చోటెక్కడ?

“రద్దీ వేళల్లో ప్రధాన రహదారుల మీదికి సైకిళ్లను రానివ్వకూడదు” అంటూ హైదరాబాద్ పాఠకుడొకరు రాసిన లేఖను గత నెల ఈ శీర్షికలో ప్రచురించాం. దాన్ని సమర్థిస్తూ కొందరు, తీవ్రంగా ఖండిస్తూ మరికొందరు ఉత్తరాలు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాం. కారు నడిపేవారూ సైకిలు తొక్కేవారూ కూడా కోపంతోనే రాశారు. ఆ కోపంలో న్యాయం ఉన్నంత మేరకు ఒప్పుకుంటూ, లేనిచోట ఆ మాట దాచకుండా జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ఆదివారం తెల్లవారుజామున గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు కారులో వెళ్తుంటే సైకిలిస్టులు గుంపులుగా, ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే తొక్కుతూ అడ్డం వస్తున్నారు. హారన్ కొడితే చెయ్యి ఊపి తిడుతున్నారు. ఎడమ అంచున ఒకరి వెనక ఒకరుగా వెళ్లాలన్న ఇంగితం వాళ్లకు ఉండదా? రోడ్డు పన్ను మేం కడితే దారి వాళ్లదా? – ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ముగ్గురు పక్కపక్కన తొక్కుతూ, వెనక వాహనాలు బారులు తీరినా సర్దుకోకపోవడం తప్పే. వెనక వాహనం వచ్చిందని తెలిసిన వెంటనే మూడో మనిషి వెనక్కి తగ్గాలి. దారి ఇరుకుగా ఉంటే రెండో మనిషి కూడా తగ్గాలి. అయితే అందరూ ఎడమ అంచుకు అంటుకుని వెళ్తే మీకు దారి దొరుకుతుందన్న భావన మాత్రం కొలతలకు నిలవదు. నగరంలో ఒక లేను వెడల్పు సాధారణంగా 3 నుంచి 3.5 మీటర్లు ఉంటుంది. సైకిలు హ్యాండిలు వెడల్పు 60 సెంటీమీటర్ల పైచిలుకే అయినా, తొక్కే మనిషి అటూ ఇటూ ఊగడాన్ని కలుపుకుంటే ఒక మీటరు చోటు కావాలి. మీ కారుకు 1.8 మీటర్లు, రెండింటి మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ వేసుకుంటే మొత్తం 3.8 మీటర్లవుతుంది. అంటే సైకిలిస్టు ఎంత అంచున వెళ్లినా మీరు పక్క లేనులోకి కొంత జరగక తప్పదు. జరగకుండా దాటారంటే ఆ ఒక మీటరు ఖాళీని మింగేసి దాటారన్నమాట. ఎలాగూ జరగవలసి ఉన్నప్పుడు ఇద్దరు పక్కపక్కన ఉండటం మీకు ఒక రకంగా మేలే. పదిమంది ఒకరి వెనక ఒకరు రెండేసి మీటర్ల ఎడంతో వెళ్తే ఆ వరుస సుమారు 36 మీటర్ల పొడవుంటుంది. జంటలుగా వెళ్తే 17 మీటర్లతో సరిపోతుంది. మీరు దాటడానికి పట్టే సమయం ఆ మేరకు తగ్గుతుంది.

ఇక ఆ ఎడమ అంచు ఎలా ఉంటుందో ఒకరోజు కారు దిగి నడిచి చూడవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. తారు అయిపోయి సిమెంటు గట్టు మొదలయ్యే చోట టైరు ఇరుక్కునేంత సందు ఉంటుంది. వాననీటి కాలువ మూతల ఇనుప కమ్మీలు చాలాచోట్ల చక్రం పోయే దిశలోనే అమర్చి ఉంటాయి. కొట్టుకొచ్చిన ఇసుక, సీసా పెంకులు, కేబుల్ కోసం తవ్వి పైపైన పూడ్చిన గాడి, ఏ క్షణంలో తలుపు తెరుచుకుంటుందో తెలియని పార్కింగ్ కార్లు, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే మోటారు సైకిళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. కారు నాలుగు చక్రాల మీద పోతూ పట్టించుకోని గుంత, సన్న టైరు సైకిలిస్టును మీ బానెట్ ముందుకు పడేయగలదు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కే మనిషి ఈ ప్రమాదాలన్నింటినీ లెక్కవేసుకునే అక్కడికి వచ్చాడు. మీకు అడ్డం రావడం అతని ఉద్దేశం కాదు.

హారన్ గురించి ఒక మాట. దూరం నుంచి చిన్నగా ఒకసారి మోగిస్తే అది సమాచారం. వెనకాలే వచ్చి గట్టిగా నొక్కితే మనిషి ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే హ్యాండిలు కదులుతుంది, అది ఏ వైపు కదులుతుందో అతనికి కూడా తెలియదు. పన్ను సంగతికి వస్తే, నగరంలోని వీధులు వాహన పన్నుతోనే వేసినవి కావు. ఇంటి పన్నూ అందరూ కట్టే ఇతర పన్నులూ అందులో ఉన్నాయి. అద్దె ఇంట్లో ఉండి సైకిలు మీద పనికి వెళ్లే మనిషి కూడా సబ్బు కొన్నప్పుడల్లా పన్ను కడుతూనే ఉన్నాడు.

ప్రశ్న: నేను సైకిలును రోడ్డుకు కుడివైపున, అంటే ఎదురు దిశలో తొక్కుతాను. వచ్చే వాహనాలు నాకు కనిపిస్తాయి కాబట్టి తప్పుకోవచ్చు. వెనక నుంచి గుద్దించుకోవడం కంటే ఇది మేలు కాదా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మేలు కాదు, దయచేసి మానండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవారికి చెప్పే సలహా అది. నడిచే మనిషి ఒక్క అడుగులో పక్కకు తప్పుకోగలడు, సైకిలు అలా తప్పుకోలేదు. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా 40 కిలోమీటర్ల వేగంతో వెనక నుంచి వచ్చే కారు మిమ్మల్ని 25 కిలోమీటర్ల వేగంతో సమీపిస్తుంది; అదే కారు ఎదురుగా వస్తే ఆ వేగం 55 అవుతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎడమ పక్క వీధిలోంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చే డ్రైవరు వాహనాలు కుడివైపు నుంచి వస్తాయని అటే చూస్తాడు. మీరు ఎడమవైపు నుంచి వస్తున్నారు కనుక, అతని బంపరు ముందుకు వచ్చేదాకా మీరు అతనికి కనిపించరు.

ప్రశ్న: మా నాన్నగారు జీడిమెట్లలో ఒక కార్ఖానాలో పనిచేస్తారు. ఉదయం షిఫ్టుకు చీకటి ఉండగానే జగద్గిరిగుట్ట నుంచి సైకిలు మీద బయలుదేరతారు. ఈ మధ్య ఒక లారీ ఆయనను ఒరుసుకుంటూ పోయింది. భుజం చర్మం లేచిపోయింది, అదృష్టం బాగుండి బతికారు. బస్సులో వెళ్లమంటే ఆ వేళకు బస్సు ఉండదంటారు. హెల్మెట్ కొనిస్తే పెట్టుకోవడానికి మొహమాటపడుతున్నారు. ఏం చేయాలో చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో నేను మళ్లీ మళ్లీ చదివింది మీదే. సైకిళ్ల గురించి జరిగే వాదనలన్నీ ఆదివారం వ్యాయామం కోసం తొక్కేవారి చుట్టూ తిరుగుతుండగా, రోజూ సైకిలు మీదే బతుకుతెరువుకు వెళ్లే మీ నాన్నగారి వంటివారు ఎక్కడా మాట్లాడరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 2.6 కోట్ల మంది పనికి సైకిలు మీద వెళ్లేవారు. ఆ సైకిళ్ల మీద వాచ్‌మన్లు, తాపీ పనివారు, పేపరు వేసే కుర్రాళ్లు, ఫ్లాస్కులో టీ పెట్టుకుని అమ్మేవారు కనిపిస్తారు. ప్రధాన రహదారుల మీద సైకిళ్లను నిషేధించమని రాసినప్పుడు నిషేధానికి గురయ్యేది వీరే.

ముందు ఆయన సైకిలును వెనక నుంచి చూడండి. వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టర్ ఉందా? ఉంటే క్యారియర్‌కు తగిలించిన టిఫిన్ సంచి దాన్ని కప్పేస్తున్నదేమో గమనించండి. చాలా సైకిళ్ల మీద ఇదే జరుగుతుంది, తొక్కేవారికి ఈ సంగతి తెలియనే తెలియదు. సంచిని పైకి కట్టండి, లేదా రిఫ్లెక్టర్‌ను సంచికే కుట్టించండి. రెండు మూడు వందల రూపాయలకు దొరికే ఎర్ర టెయిల్ లైటు ఒకటి సీటు కింద బిగించండి, ముందు తెల్ల లైటు పెట్టండి. వెలుగు పడితే మెరిసే టేపును పెడల్స్ మీదా, ప్యాంటు కింది అంచు దగ్గరా అంటించండి. పైకీ కిందికీ కదిలే వెలుగును చూడగానే అది మనిషి అని డ్రైవరుకు అర్థమవుతుంది, కదలని వెలుగు అలా అర్థం కాదు. ఖాకీ, నీలం చొక్కాలు చీకట్లో కలిసిపోతాయి కాబట్టి పైన లేత రంగు చొక్కా ఏదైనా వేసుకుని వెళ్లి, కార్ఖానాలో విప్పుకోవచ్చు.

తర్వాత లారీ సంగతి. పగటిపూట నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలు ఉండటంతో అవి రాత్రీ తెల్లవారుజామునా తిరుగుతాయి, అంటే సరిగ్గా మీ నాన్నగారు రోడ్డు మీద ఉండే వేళలోనే. లారీ డ్రైవరు కుడివైపున ఎత్తులో కూర్చుంటాడు. అతని ఎడమ కిటికీ కిందా ముందు ఎడమ మూలా ఉన్న మనిషి అతనికి కనిపించడు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు వెళ్లవు; మూలను కోసుకుంటూ లోపలి నుంచి వస్తాయి. పక్కన చోటుంది కదా అనుకుని అక్కడ నిలబడిన సైకిలిస్టు మీదికి, మధ్యలో ఉన్న ఖాళీ మూసుకుపోతూ వెనక చక్రం వచ్చేస్తుంది. పెద్ద వాహనాల వల్ల సైకిలిస్టులు చనిపోయే ప్రమాదాల్లో ఇది అత్యంత ఘోరమైన రకం. కాబట్టి సిగ్నల్ దగ్గర గానీ మలుపు దగ్గర గానీ లారీకీ బస్సుకీ ఎడమ పక్కన ఎన్నడూ ఆగవద్దని, ఓపిక పట్టి దాని వెనకే ఉండమని చెప్పండి. డ్రైవరు ముఖం తనకు అద్దంలో కనిపించకపోతే తాను డ్రైవరుకు కనిపించడం లేదని ఆయన గుర్తుంచుకుంటే చాలు.

హెల్మెట్ మంచిదే, కిందపడినప్పుడు తలను కాపాడుతుంది. సైకిలుకు చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. కానీ చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు లైటే కొనమంటాను, ఎందుకంటే హెల్మెట్ గుద్దుకున్న తర్వాత పనిచేస్తుంది, లైటు గుద్దుకోకుండా చేస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ మీ నాన్నగారికే చెబుతున్నందుకు నాకు బాధగానే ఉంది. పక్కనుంచి ఒరుసుకుపోయింది లారీ, నేర్చుకోవలసింది మాత్రం ఆయన. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సుమారు మూడు శాతం సైకిలిస్టులు, అంటే రోజుకు దాదాపు పదముగ్గురు. కార్ఖానాల యాజమాన్యాలు చెప్పులు, గ్లవ్స్ ఇచ్చినట్టే సైకిలు మీద షిఫ్టుకు వచ్చేవారికి లైటూ మెరిసే జాకెట్టూ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. మీ నాన్నగారు ఒక్కరే అడగడానికి జంకితే, సైకిళ్ల మీద వచ్చే పదిమందీ కలిసి యూనియన్ ద్వారా అడగవచ్చు.

ప్రశ్న: ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరవడంతో నా సైకిలు దానికి తగిలి కిందపడ్డాను, భుజం దగ్గర ఎముక విరిగింది. “సైకిలుకు ఇన్సూరెన్సే లేదు, నీకు ఏమీ రాదు” అని కారు యజమాని అన్నాడు. ఇది నిజమేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదు. సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి దానికి బీమా అవసరమే లేదు. అవసరం ఉన్నది కారుకు. థర్డ్ పార్టీ బీమా లేకుండా మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో వాడకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ థర్డ్ పార్టీ అంటే మీవంటివారే. కారు కదులుతూ ఉండాలన్న నియమం లేదు, ఆగి ఉన్న కారు తలుపు తెరవడం వల్ల జరిగిన గాయానికీ పరిహారం అడగవచ్చు.

మీరు చేయవలసింది ఇది. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ ప్రతి తీసుకోండి. కారు నంబరు, ఆ చోటు ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, పనికి వెళ్లలేకపోయిన రోజుల జీతం వివరాలు ఒకచోట పెట్టండి. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో చట్టంలోని 166వ సెక్షన్ కింద దరఖాస్తు చేయండి. ప్రమాదం జరిగిన ప్రాంతంలోనే చేయనక్కర్లేదు, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌కైనా వెళ్లవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం దీనికి ఆరు నెలల గడువుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. తప్పెవరిదో నిరూపించే పని లేకుండా, 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయల పరిహారం కోరే దారి కూడా ఉంది. అయితే రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి కనుక వకీలును అడిగి నిర్ణయించుకోండి. ఒకవేళ గుద్దిన వాహనం ఏదో తెలియకుండా పారిపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. 2025లో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద మోటారు వాహన ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు వైద్యం అందుతుంది. అది సైకిలిస్టులకూ వర్తిస్తుంది. పక్కనున్నవారు భయపడకుండా 112కు ఫోన్ చేయాలి. గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసులుండవని, పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదని 2019 సవరణతో చట్టంలోకి వచ్చిన 134ఎ సెక్షనూ దాని కింద చేసిన నియమాలూ స్పష్టంగా చెబుతున్నాయి.

కారులో కూర్చునేవారికి ఒక అలవాటు సూచిస్తాను. తలుపును దానికి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తెరవండి. డ్రైవరు సీటులో ఉన్నవారు ఎడమ చేత్తో కుడి తలుపు తెరవబోతే నడుము తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది, వస్తున్న సైకిలు కనిపిస్తుంది. పిల్లలకు ఇది నేర్పడం చాలా తేలిక.

ప్రశ్న: మా ప్రాంతంలో రోడ్డు పక్కన రంగు వేసి సైకిల్ ట్రాక్ అన్నారు. ఇప్పుడు దాని మీద కార్లు నిలుపుతున్నారు, తోపుడు బండ్లు పెడుతున్నారు, సైకిలు ఒక్కటీ కనిపించదు. వాడనివారి కోసం ప్రజల డబ్బు వృథా చేయడం ఎందుకు? ఆ చోటు కూడా వాహనాలకే ఇస్తే రద్దీ తగ్గదా? – ఒక పాఠకుడు, బంజారాహిల్స్

జవాబు: డబ్బు వృథా అయిందన్న మీ బాధతో ఏకీభవిస్తున్నాను. కారణం విషయంలో మాత్రం ఏకీభవించలేను. రంగు గీత కారును ఆపలేదు. ట్రాక్‌కూ రోడ్డుకూ మధ్య ఎత్తు గట్టో దగ్గర దగ్గరగా పాతిన స్తంభాలో లేకపోతే అది మొదటి వారంలోనే పార్కింగ్ స్థలం అవుతుంది. సైకిల్ ట్రాక్ మీద వాహనం నడపకూడదు, నిలపకూడదు అని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. కార్లు నిలిపి ఉన్న ట్రాక్ మీద సైకిలు ఎలా కనిపిస్తుంది?

రెండో కారణం అతుకు లేకపోవడం. అర కిలోమీటరు ట్రాక్ వేసి, సరిగ్గా ప్రమాదం ఎక్కువగా ఉండే కూడలి రాగానే దాన్ని ఆపేస్తే, సైకిలిస్టును సురక్షితమైన చోటు నుంచి తెచ్చి అత్యంత ప్రమాదకరమైన చోట వదిలేసినట్టు అవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను చూడండి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు, పైన సౌర ఫలకాల నీడతో, వాహనాలకు పూర్తిగా వేరుగా కట్టారు. వ్యాయామానికి వచ్చేవారికి అది నిజంగా మంచి వసతి. కొండాపూర్ పాఠకుడు చెప్పిన గుంపుల్లో కొందరైనా అక్కడికి వెళ్తే ఆయనకూ నిశ్చింత. కానీ జీడిమెట్లకు షిఫ్టుకు వెళ్లే మనిషికి దానితో పనిలేదు. ఇల్లు, బడి, బజారు, మెట్రో స్టేషను, పని స్థలం, వీటిని కలిపే ట్రాకులు కావాలి; అవి ఆకర్షణీయంగా కనిపించవు కాబట్టి ప్రారంభోత్సవాలకు నోచుకోవు.

ఆ చోటు కూడా వాహనాలకే ఇస్తే రద్దీ తగ్గుతుందా అన్నారు. కోల్‌కతాలో ఇంతకన్నా తీవ్రమైన ప్రయోగమే జరిగింది. సైకిళ్లు రద్దీకి కారణమంటూ 2008లో 38 రోడ్ల మీద వాటిని నిషేధించి, 2013 నాటికి ఆ సంఖ్యను 174కు పెంచారు. పాలు, కూరగాయలు, పేపర్లు వేసేవారూ చిన్న చిన్న సరుకులు చేరవేసేవారూ జరిమానాలు కట్టలేక చుట్టుదారులు పట్టారు. నిరసనల తర్వాత ఆ జాబితాను తగ్గించవలసి వచ్చింది. 2020లో లాక్‌డౌన్ సడలించి బస్సులు చాలనప్పుడు పోలీసులే చాలా వీధుల్లో సైకిళ్లను అనుమతించారు. నగరాల్లో రోడ్డు చోటును వాహనాల మధ్య కాదు, మనుషుల మధ్య పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఒక్క మనిషి కూర్చున్న కారు ఆక్రమించే చోటులో ఎందరు సైకిలిస్టులు పడతారో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీరే కళ్లతో కొలుచుకోవచ్చు. నా అభిప్రాయంలో ఆ ట్రాక్‌ను ఎత్తేయమని కాదు, దాన్ని కూడలి దాటించి అవతలి వీధితో కలపమని, మధ్యలో కార్లు చొరబడకుండా గట్టు కట్టమని మీ కార్పొరేటరును అడగడం న్యాయం. తోపుడు బండ్లవారికి మరో చోటు చూపించే బాధ్యత కూడా కార్పొరేషన్‌దే. వాళ్లను తరిమేసి కార్లను వదిలేయడం సరికాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. సైకిలు మీద బడికి వెళ్తానని పట్టుబడుతున్నాడు. మా ఇల్లు పటమటలో, బడి బందరు రోడ్డుకు అవతల. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. నాకు పంపాలనే ఉంది గానీ భయం. – ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ భయానికీ ఆయన పట్టుదలకీ కారణం ఉంది, పిల్లవాడి కోరికకూ ఉంది. కొన్ని వారాలు గడువు పెట్టుకోండి. సెలవు రోజు ఉదయం అబ్బాయితో కలిసి లోపలి వీధుల్లోంచి ఒక దారి వెతకండి; అది కాస్త చుట్టు అయినా ఫరవాలేదు, వేగంగా వాహనాలు పోని దారి కావాలి. బందరు రోడ్డును సిగ్నల్ ఉన్న చోటే, సైకిలు దిగి నడిపించుకుంటూ దాటాలన్నది మార్పులేని నియమంగా పెట్టండి. సీటు ఎత్తు అతని రెండు మునివేళ్లూ నేలకు ఆనేలా దింపండి, బ్రేకులు రెండూ పట్టి చూడండి. తల కుడికి తిప్పి వెనక్కి చూసినప్పుడు సైకిలు వంకర పోకుండా తిన్నగా తొక్కగలుగుతున్నాడా అన్నది అసలు పరీక్ష. ఈ ఒక్క పని రాకపోతే పిల్లలు కిందపడవచ్చు, వాహనాల ముందుకు రావచ్చు. ఖాళీ మైదానంలో అది వచ్చేదాకా బడికి పంపవద్దు. వచ్చాక వాళ్ల నాన్నగారే కొన్నాళ్లు పక్కన మరో సైకిలు మీద వెళ్తే, ఆయన అభ్యంతరంలో ఎంత సబబో ఆయనకే తెలుస్తుంది.

బడివారితోనూ మాట్లాడండి. గేటు ముందు పిల్లల్ని దించే కార్లే సైకిలు పిల్లలకు పెద్ద గండం. నడిచే పిల్లలు, సైకిలు పిల్లలు వాహనాలతో కలిసి తిరిగే వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా సదస్సు ప్రకటించింది. ఆ అంకెకు కారణముంది. వేగం 30 నుంచి 60కి పెరిగితే బ్రేకు తొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. దెబ్బ బలమూ అంతే పెరుగుతుంది. బడి వీధి రెండు చివరలా స్పీడ్ బ్రేకర్లు వేయించమని తల్లిదండ్రులందరూ సంతకాలు పెట్టి అడిగితే మునిసిపల్ కార్పొరేషన్ కాదనడం కష్టం.

ప్రశ్న: నేను సిటీ బస్సు డ్రైవరును. స్టాపులో ఆపడానికి ఎడమకు తిప్పుతుంటే సైకిళ్లు ఎడమ సందులోంచి దూరతాయి, ఒక్కోసారి ప్రయాణికులు దిగుతుండగా కూడా. దూరంగా ఆపితే ప్రయాణికులు తిడతారు, దగ్గరగా తెస్తే సైకిలు చక్రం కింద పడుతుందని గుండె దడ. ఇరవై టన్నుల నిందంతా మా మీదే పడుతుంది. – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ ఉత్తరం నాకు చాలా విలువైనది, ఎందుకంటే బస్సు సీటులోంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో మాలో చాలామందికి తెలియదు. సైకిలిస్టులకు మొదట చెబుతున్నాను. స్టాపులో ఆగిన బస్సుకు ఎడమ నుంచి దూరవద్దు. దిగే ముసలమ్మకు మీరే ప్రమాదం. ఆగండి, లేదా వెనక్కి చూసుకుని కుడివైపు నుంచి దాటండి.

మీకు ఒక సూచన. స్టాపుకు 50 మీటర్ల లోపు ముందు సైకిలు ఉంటే దాన్ని దాటి, వెంటనే దాని ముందుకు ఎడమకు కోయకండి. దాని వెనకే ఉండండి. 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలుకు ఆ 50 మీటర్లు 12 సెకన్ల పని, 30 కిలోమీటర్ల వేగంలో మీకు ఆరు సెకన్లు. పోయేది ఆరు సెకన్లు మాత్రమే. అదనంగా ఎడమ ఇండికేటర్‌ను కొంచెం ముందుగా వేసి, తిప్పే ముందు ఎడమ అద్దంలో మరోసారి చూడండి. బస్ బేలో ఆటోలూ మోటారు సైకిళ్లూ నిలిపి ఉండటం వల్లే మీరు గట్టుకు దగ్గరగా రాలేకపోతున్నారని, ఆ మిగిలిన సందే సైకిళ్లను లోపలికి పిలుస్తున్నదని నాకు తెలుసు. అది ట్రాఫిక్ పోలీసులు తేల్చవలసిన విషయం. ఏ స్టాపుల్లో ఈ ఇబ్బంది ఎక్కువో మీ రూటు డ్రైవర్లందరూ కలిసి జాబితా రాసి డిపో ద్వారా పోలీసులకు ఇస్తే ఎవరి ఫిర్యాదుకన్నా దానికి బలముంటుంది.

ఇంకొకటి మీ డిపో మేనేజరుగారికి మీ ద్వారా విన్నవిస్తున్నాను. కొత్త డ్రైవర్ల శిక్షణలో ఒక పూట, డిపో ఆవరణలోనే వాళ్లను వరుసగా నిలిపిన సైకిళ్ల మీద కూర్చోబెట్టి, ఒక బస్సును వాళ్ల పక్కనుంచి మొదట అర మీటరు ఎడంతో, తర్వాత మీటరున్నర ఎడంతో నెమ్మదిగా నడిపించండి. ఆ గాలి తోపూ, ఆ ఇంజను వేడీ ఒక్కసారి ఒంటికి తగిలిన డ్రైవరుకు ఎంత దూరం వదలాలో మళ్లీ చెప్పనక్కర్లేదు. ట్రిప్పుల సమయాలు నిర్ణయించేటప్పుడు స్టాపు దగ్గర ఆగే ఆ కొన్ని సెకన్లనూ లెక్కలో కలపండి, ఆలస్యమైనందుకు డ్రైవరును సంజాయిషీ అడగకండి.